చేబదులు

నమోదు 1

ఒక మనిషి చేసిన పని ఆ మనిషిదేనని ఎవరు చెప్పాలి? ఎమ్మేలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. అప్పట్లో స్నేహితురాళ్ళం టీ తాగుతూ దీన్ని సాగదీసేవాళ్ళం. చెయ్యే చెబుతుందని ఒకరు, చూసినవాళ్ళు చెప్పాలని ఇంకొకరు. టీ చల్లారాక లేచి పోయేవాళ్ళం. ఇప్పుడు నలభై ఆరేళ్ళ వయసులో ఆ ప్రశ్నే నాకు జీతం ఇస్తోంది. రొయ్యల షెడ్డులో అర్హత పరిశీలకురాలిని. పనిచేస్తున్నది ఫలానా మనిషేనని, ఆ మనిషికి సముద్రపు గట్టు లోపల పనిచేసే హక్కు ఉందని చూసి సంతకం పెట్టాలి.

కంపెనీకి రాసే చిట్టాలో అవును, కాదు అనే రెండు మాటలకే చోటుంది. అందులో పట్టనివి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఈ ఉదయం మంచినీళ్ళ వంతు మా వరసది. బిందె పట్టుకుని గట్టు వెంబడి నడిచాను. సముద్రం అవతల, నా తలకన్నా ఎత్తులో ఉంది. కనిపించదు. తెరచాపల కొనలు మాత్రం గోడ అంచున మెల్లగా కదులుతుంటాయి. చెమ్మ తేలిన చోటల్లా ఎవరో మళ్ళీ సున్నం పూశారు. సున్నానికి చెమ్మ ఆగదని పూసినవాళ్ళకీ తెలుసు.

మధ్యాహ్నం షెడ్డులో మైకు మోగింది. ఒకటో తారీఖు నుంచి కనీస వేతనం పెరుగుతుందట. బల్లల ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా తడి తొడుగులతోనే చప్పట్లు కొట్టారు. తడి చప్పట్లు వింతగా ఉంటాయి, చేపలు ఒడ్డున పడి కొట్టుకున్నట్టు.

"మేడంగారండి, ఇక మా ఆయన నన్ను 'ఏవండీ' అని పిలవాల్సిందేనండి," అంది నూకరత్నం. మల్లాడి నూకరత్నం, ఏభై దాటిన మనిషి, షెడ్డు మొత్తానికీ పెద్దక్క.

"పిలుత్తాడు, పిలుత్తాడు. ముందు నీ పేరు గుర్తుండాలి కదా ఆయనకి," అని వెనక బల్ల నుంచి ఎవరో అందుకున్నారు. నవ్వులు.

మైకు ఆగలేదు. పెరిగిన వేతనం పొందడానికి ప్రతి ఒక్కరి అర్హతనూ కొత్తగా పరిశీలిస్తారు, అంది. నవ్వులు ఆగి, పొట్టు తీసే చప్పుడు మళ్ళీ మొదలైంది.

కిందటిసారి వేతనం పెరిగినప్పుడు కూడా ఇలాగే అందరినీ పరిశీలించాం. చివరి వరసలో కూర్చునేవాళ్ళలో చాలామందికి యంత్రం దగ్గర పోలిక కుదరలేదు. వాళ్ళని కుటుంబాలతో సహా పడవెక్కించి అవతలి దిబ్బకి పంపారు. దిబ్బ మీద కూడా ఫోన్లు పనిచేస్తాయని అధికారులు అంటారు. ఇప్పటిదాకా అక్కడి నుంచి ఒక్క ఫోను రాలేదు. ఆ వరసలో పీటలు ఇంకా అలాగే ఉన్నాయి. తుడుస్తారు, ఎవరూ కూర్చోరు.

నమోదు 2

ఈ రొయ్యల్ని ఇంకా చేతులతోనే వలుస్తారు. యంత్రం వలిస్తే మాంసం నలుగుతుందని కొనేవాళ్ళు ఒప్పుకోరు. ఏళ్ళ తరబడి ఐసులోనూ, క్లోరిన్ నీళ్ళలోనూ నాని ఈ ఆడవాళ్ళ వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. ముఖాలు చూద్దామంటే గుడ్డ కట్టుకుని ఉంటారు. అందుకని కంపెనీ 'ఆనవాలు' అనే దాన్ని పెట్టింది. పైకప్పు నుంచి వేలాడే కళ్ళు, ఒక గొంతు, నా బల్ల మీద ఒక తెర. అది చేతుల్ని చూస్తుంది. తల తుంచడంలో, పొట్టు జార్చడంలో, నరం లాగడంలో ఎవరి చేతికి వాళ్ళ నడక ఉంటుంది. చేతినడక అంటాం. అది కుదిరితే తెర మీద పచ్చ, లేకపోతే ఎరుపు.

ఇవాళ పొద్దున్నే నూకరత్నం వంతు వచ్చింది. టబ్బు ముందు కూర్చుని ఎప్పటిలాగే వలిచింది.

"పోలిక కుదరలేదు," అంది ఆనవాలు.

"ఇంకోసారి సూడమనండి, సెయ్యి సల్లబడిపోయింది," అంది తను. చేతులు రుద్దుకుని మళ్ళీ కూర్చుంది. కుదరలేదు. మూడోసారీ అంతే.

పదేళ్ళుగా అదే పీట మీద చూస్తున్న మనిషి. ఈమె నూకరత్నమేనని నా కళ్ళకి తెలుసు. నా కళ్ళకి అక్కడ మీట లేదు.

ఎర్రచీటీ ఇచ్చాను. ఒకటో తారీఖులోగా తన అర్హత రుజువు చేసుకోవాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే గట్టు లోపల ఆ కుటుంబానికి ఇచ్చిన గది కూడా పోతుంది. లంకలు మునిగిన ఏడాది ప్రభుత్వం పెట్టిన నియమం అది. వచ్చిన ప్రతి కుటుంబానికీ షెడ్డులో ఒక్క పని, ఆ పని ఉన్నంతకాలం ఒక్క గది. 'ఇంటికో చెయ్యి' అంటారు దాన్ని. మగవాళ్ళంతా గట్టు మరమ్మతుకి పోతారు. దానికి కూలి లేదు, గింజలిస్తారు.

నూకరత్నం చీటీని మడిచి జాకెట్టులో దోపుకుంది. "ఎర్రరంగు నాకు బాగుంటదని మావోళ్ళు ఎప్పుడూ అంటారండి," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

నమోదు 3

సాయంత్రం ఆమె గదికి వెళ్ళాను. పరిశీలకులు వెళ్ళకూడదని లేదు, వెళ్ళొచ్చనీ లేదు.

ఆ ఒక్క గదిలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. నూకరత్నం, ఆమె తోటికోడలు వీరవేణి, వాళ్ళ ఆడపడుచు ధనకొండ. వీరవేణికి ముప్ఫై అయిదుంటాయి, ఒడిలో నాలుగేళ్ళ కూతురు. ధనకొండ మొగుడు లంకతోపాటే పోయాడు. అప్పటి నుంచి అన్నల దగ్గరే ఉంటోంది.

"సెప్పెయ్యొదినా, దాసి ఏం లాభం," అంది ధనకొండ.

నూకరత్నం పీట నా ముందుకు జరిపింది. "ఏం లేదండి. నాకు నడుం పట్టేసిన్నాడు ఇది ఎల్లేది," అని వీరవేణిని చూపించింది. "దీనికి పురుడొచ్చినప్పుడు ఆ నెలలన్నీ కొండ ఎల్లింది. ముట్టైతే ఒకళ్ళు, జొరమొత్తే ఒకళ్ళు. సేబదులండి. మా లంకలో ఊడుపులకి కూడా అంతే కదండి. పేరెవరిదైతే ఏంటి, పనాగకూడదు."

చేబదులు. నాకు ఆ మాట డబ్బుకే తెలుసు. నోటూ వడ్డీ లేకుండా నమ్మకం మీద తెచ్చుకునే చిన్న అప్పు. వీళ్ళ నోట్లో అది నిజంగానే చెయ్యి. ఒకరి చేతికి బదులు ఇంకొకరి చెయ్యి.

"పదేళ్ళ నుంచీనా?"

"గట్టు లోపలికొచ్చిన్నాటి నుంచీ అండి. ముసుగేసుకుంటే అందరం ఒకటే కదా."

అప్పుడు అర్థమైంది. ఆనవాలు ఇన్నేళ్ళుగా ఒక చేతిని నేర్చుకోలేదు. మూడు జతల చేతుల్ని కలిపి ఒక చేతినడకగా నేర్చుకుంది. దాని దృష్టిలో నూకరత్నం అంటే ఈ ముగ్గురూ కలిసిన మనిషి. అలాంటి మనిషి ఎక్కడా లేదు కాబట్టి విడిగా ఎవరు కూర్చున్నా ఎరుపే వస్తుంది.

"మరి కిందటిసారి ఎలా కుదిరింది?"

"అప్పుడు మీ మిషను సిన్నపిల్ల కదండీ. ఇప్పుడు పెద్దమనిసైంది," అంది వీరవేణి. పాప నిద్రలో కదిలితే జోకొట్టింది. ఆ తరవాత గొంతు తగ్గించి అడిగింది: "పడవలో పిల్లలకి కూడా సోటుంటదాండి?"

ఉంటుందని చెప్పాను. నాకు తెలిసి ఉంటుంది.

నమోదు 4

నిబంధనల కేంద్రానికి ప్రశ్న పంపాను. అక్కడ మనుషులు ఉండరు. మనం అడిగిన మాటని చట్టంతో పోల్చి, జవాబుని ఉత్తర్వుగా ఇచ్చే యంత్రం ఉంటుంది. ఆ జవాబుని ఎవరూ కాదనలేరు, కంపెనీ కూడా. నేను ఇలా రాశాను: 'కార్మికుల మధ్య చేబదులు చాలాకాలంగా వాడుకలో ఉంది. దీనికి అనుమతి ఉందా?'

వాళ్ళు అన్న మాటే రాశాను. అప్పుడు నా మనసులో వేరే ఆలోచన లేదు. ఇది నిజమేనా అని ఇప్పుడు నన్ను నేనే రెండోసారి అడుగుతున్నాను.

జవాబు వెంటనే వచ్చింది.

'చేబదులు కార్మికుల సొంత వ్యవహారం. అనుమతించదగినది. దానిపై వడ్డీ ఉండరాదు. దానికి వేతనం వర్తించదు. దానికి యాజమాన్యం బాధ్యత వహించదు.'

వడ్డీ అన్న మాట దగ్గర ఆగాను. యంత్రం దాన్ని డబ్బు అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. లంకల ఆడవాళ్ళు తప్ప ఆ మాటని అలా వాడేవాళ్ళు ఇంకెవరూ లేరు.

దిద్దవలసిన బాధ్యత నాదే. మీరు పొరబడ్డారు, ఇది డబ్బు కాదు చేతులు అని రాయాలి. రాస్తే వచ్చే జవాబు నాకు తెలుసు. ఒకరి పేరున ఇంకొకరు పనిచేస్తే అది మారువేషం. ముగ్గురికీ పడవే.

ఉత్తర్వుని నూకరత్నం పేరు కింద జతచేశాను. చేస్తున్నప్పుడు సంతోషంగానే ఉంది.

నమోదు 5

ఉత్తర్వు ఉంది కనుక ముగ్గురినీ కలిపి పరిశీలించవచ్చు. సందర్శకుల చీటీ మీద వీరవేణినీ, ధనకొండనీ షెడ్డులోకి తీసుకొచ్చాను. ఒకే పీట, ఒకే టబ్బు. గుప్పెడు వలిచి ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలని చెప్పాను.

మొదట ఎరుపే. ముగ్గురూ బిగుసుకుపోయి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"నిన్నటి పులుసులో అంత సింతపండు ఎవరెయ్యమన్నారే నిన్ను?" అంది ధనకొండ ఉన్నట్టుండి.

"నాలిక్కి రుసి తెలిసినోళ్ళకి బాగానే ఉంది," అంది వీరవేణి, పీట ఖాళీ చేస్తూ.

"మా అన్న రెండు ముద్దలకే లేసిపోయాడు. సూళ్ళేదా?"

"రెండు ముద్దలు తిని లేసేది పులుసు గురించి కాదులే, నీ మాట పడలేక," అంది నూకరత్నం కూర్చుంటూ.

పోట్లాటలో పడి పరీక్ష సంగతి మరిచిపోయారు. చేతులు వాటంతట అవే వదులయ్యాయి. ఒకరు లేవడం, ఒకరు కూర్చోవడం, టబ్బులోకి దిగిన చెయ్యి ఎవరిదో నేను కూడా చూడటం మానేశాను.

"మల్లాడి నూకరత్నం," అంది ఆనవాలు. "పోలిక కుదిరింది."

తెర పచ్చబడింది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోయారు. "సూసేరా, మిషనుకి తెలిసిపోయింది, మేం ఒకటేనని!" అని నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. తొడుగు మీది ఉప్పునీళ్ళు తగిలి కళ్ళు ఇంకా మండాయి. దానికీ నవ్వుకున్నారు.

నేనూ నవ్వాను. తరవాత తెర కింది వరస చూశాను. 'వ్యక్తులు: ఒకరు' అని ఉంది. నా ఎదురుగా ముగ్గురు ఊపిరి పీలుస్తున్నారు.

నమోదు 6

మేనేజరు రంగరాజు గారు పిలిచి టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించడం ఇదే మొదటిసారి.

"శాంభవి గారూ, మీరు కంపెనీని ఒడ్డున పడేశారండీ," అన్నారు. నేను తెచ్చిన ఉత్తర్వు ఆయన తెర మీద ఉంది. మూడో వాక్యం కింద గీత గీసి ఉంది. దానికి వేతనం వర్తించదు.

"అది ఒక్క కుటుంబం సంగతండీ."

"ఉత్తర్వులో కుటుంబం అని ఎక్కడుంది? కార్మికుల మధ్య అని ఉంది." ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఒక బల్ల మీద ఆరుగురు కూర్చుంటారు. కొన్నాళ్ళు ఒకే టబ్బులో వలిస్తే ఆనవాలు వాళ్ళని ఒకే మనిషిగా నేర్చుకుంటుంది. ఆ మనిషికి కొత్త కనీస వేతనం, పైసా తగ్గకుండా. మిగతా అయిదుగురూ చేబదులు. బల్లకో మనిషి. చట్టం ఎక్కడైనా తప్పామా?"

"ఆరుగురి కడుపులండీ."

"అందరికీ కొత్త వేతనం ఇస్తే షెడ్డు మూసెయ్యాలి. మూస్తే ఎవరి చెయ్యీ ఉండదు. ఎవరి గదీ ఉండదు. అప్పుడు పడవలు కూడా సరిపోవు." ఆయన గొంతులో బెదిరింపు లేదు. అలిసిపోయిన మనిషిలా చెప్పారు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఇలా అయితే అందరి గదులూ నిలుస్తాయి. ఒక్కరిని కూడా పంపక్కర్లేదు. కిందటిసారి ఎంతమందిని పంపామో మీకు గుర్తుందా? నాకు గుర్తుంది."

లెక్క చూస్తే ఆయన చెప్పింది అబద్ధం కాదు. టీ సగం వదిలేసి వచ్చాను.

నమోదు 7

బల్లలు మారిపోయాయి. ఎవరి టబ్బు వాళ్ళకి ఉండేది. ఇప్పుడు బల్లకి ఒకటే పెద్ద టబ్బు. ఎన్నడూ చెయ్యి మార్చుకోనివాళ్ళు కూడా పక్కపక్కనే కూర్చుని ఒకే తీరుగా వలవడం నేర్చుకుంటున్నారు. ఒప్పుకోని బల్లని విడివిడిగా పరిశీలిస్తామని రంగరాజు గారు మైకులో చెప్పించారు. ఒప్పుకోని బల్ల లేదు.

ఆనవాలు తొందరగా నేర్చుకుంటోంది. మనుషులు కూడా. నిన్న నాలుగో బల్ల దగ్గర నిలబడి చూశాను. ఆరు జతల చేతులు ఒకేసారి తల తుంచాయి, ఒకేసారి నరం లాగాయి. మాటల్లేవు. మాట్లాడితే చేతినడక చెదురుతుందని వాళ్ళకి ఎవరో చెప్పారు.

ఇవాళ అదే బల్లకి హాజరు, బల్ల మొత్తానికీ ఇప్పుడు ఒకే పేరు. "తిరుమాని అన్నవరం," అంది ఆనవాలు.

"ఆయ్," అన్నాయి ఆరు గొంతులు.

చివర కూర్చున్న అమ్మాయి నా వైపు తిరిగింది. "మేడంగారండి, మా ఆరుగురికీ మొగుడ్ని కూడా ఒకణ్ణే రాత్తారాండి?"

షెడ్డంతా పక్కున నవ్వింది. తెర మీద ఆ బల్ల పచ్చ కాస్తా మసకబారి పసుపుకి వచ్చింది. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. మళ్ళీ పచ్చ వచ్చేదాకా ఎవరూ తల ఎత్తలేదు.

ఇంతకుముందు చేబదులంటే ఒకరు కూర్చుంటే ఇద్దరు ఇంట్లో ఉండేవాళ్ళు. నడుం వాల్చడానికి, పాపకి పాలివ్వడానికి పుట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు నూకరత్నం, వీరవేణి, ధనకొండ ముగ్గురే ఒక బల్లగా లెక్క, ముగ్గురూ రోజంతా షెడ్డులోనే ఉంటున్నారు. పాప గది బయట అరుగు మీద ఆడుకుంటోంది. వచ్చేది ఒక్క వేతనం.

నమోదు 8

ధనకొండ చెయ్యి ఐసు కొట్టే యంత్రంలో పడింది. కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి.

నేనే పట్టుకుని షెడ్డు ఆసుపత్రి గదికి తీసుకెళ్ళాను. తలుపు పేరు అడిగింది. షెడ్డు లెక్కలో ఆమెకున్న పేరు ఒకటే. "మల్లాడి నూకరత్నం," అన్నాను.

"మల్లాడి నూకరత్నం ప్రస్తుతం పనిలో ఉన్నారు," అంది తలుపు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట. పరిశీలకురాలిగా నా పేరు చెప్పాను. నాకు జబ్బేమిటని అడిగింది. ధనకొండ అరవడం లేదు. చీర కుచ్చిళ్ళలో చెయ్యి చుట్టుకుని, గోడకి ఆనుకుని, "తీయదులెండి. మనం ఇంటికెల్లిపోదాం," అంటోంది. గచ్చు ఎర్రబడింది.

షెడ్డులోకి పరుగెత్తాను. "చేతులు తియ్యండి! టబ్బులోంచి చేతులు తియ్యండి!" అని అరిచాను.

నూకరత్నం, వీరవేణి ఒక్క క్షణం నన్ను చూశారు. తరవాత నాలుగు చేతులూ పైకెత్తి, తల మీదుగా అలాగే పట్టుకుని నిలబడ్డారు. తొడుగుల్లోంచి నీళ్ళు మోచేతుల మీదికి కారుతున్నాయి. మిగతా బల్లలు చూడనట్టు వలుస్తూనే ఉన్నాయి. ఆ బల్ల తెర నల్లబడింది. నూకరత్నం పనిలో లేదని ఆనవాలు ఒప్పుకుంది. అటు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

లోపలి యంత్రం కట్టు కట్టింది. నెత్తురు ఎక్కించలేదు. దాని దగ్గరున్న నూకరత్నం నెత్తురు వర్గం వేరు, వచ్చిన మనిషిది వేరు. 'వివరాలు సరిపోలనందున చికిత్స నిలిపివేయడమైనది' అంది. చెయ్యి నూకరత్నానిదేనట, నెత్తురు కాదట.

వాళ్ళు చేతులెత్తి నిలబడిన సేపటికి ఆ బల్ల వేతనం కోతపడింది.

నమోదు 9

రేపు ఒకటో తారీఖు. రంగరాజు గారు పంపిన జాబితా నా తెర మీద ఉంది. షెడ్డులో ఉన్న ఆడవాళ్ళందరి బదులూ బల్లకో పేరు. కింద నా సంతకానికి చోటుంది. పరిశీలకురాలి సంతకం లేకుండా అది చెల్లదు.

నిబంధనల కేంద్రానికి పంపవలసిన సవరణ కూడా రాసి పెట్టుకున్నాను. 'నా ప్రశ్నలో చేబదులు అన్న మాటకి అర్థం డబ్బు కాదు. ఒకరి చేతికి బదులు ఇంకొకరి చెయ్యి.' అంతే. అది పంపితే ఉత్తర్వు రద్దవుతుంది. రంగరాజు గారి ఏర్పాటు కూలిపోతుంది. ఇప్పటికే కలిసి నేర్చుకున్న చేతులు విడిగా ఎవరికీ కుదరవు గనక షెడ్డులో దాదాపు అందరికీ ఎర్రచీటీలు వస్తాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ ముగ్గురినీ నా గదికి పిలిచాను. రెండు సంగతులూ చెప్పాను. వాళ్ళకి తెలియకుండా నిర్ణయించే హక్కు నాకు లేదనిపించింది. చెప్పినంత మాత్రాన ఆ భారం వాళ్ళ మీద వేసే హక్కు ఉందా అని ఇప్పుడు అనిపిస్తోంది.

"సంతకం పెట్టండమ్మా," అంది నూకరత్నం. "పేరుదేముందండి. లంక మునిగిన్నాడు ఊరి పేరే పోయింది. ఉంటానికి గదుంది, పిల్లకి గింజలున్నాయి. బతికుంటే రేపెప్పుడో సూసుకుందాం."

"ఎవరు బతికుంటే?" ధనకొండ కట్టు కట్టిన చెయ్యి ఎత్తింది. కట్టు గోధుమరంగుకి తిరిగింది, వాసన వస్తోంది. "నేను సచ్చిపోతే ఎవరు సచ్చిపోయినట్టొదినా? నువ్వు రేపు పనికెల్తే నేను బతికున్నట్టే కదా ఆళ్ళ లెక్కలో. నన్ను తగలెయ్యడానికి సీటీ కూడా ఇయ్యరు."

"ఆ మాటలేంటే!"

"నిజవే కదా సెప్పింది. పంపెయ్యండి మేడంగారండి, ఆ కాయితం. దిబ్బ మీద ఏముందో నాకు తెలీదు. అక్కడికెల్తే పేరడుగుతారు కదా. ధనకొండని సెప్పుకుంటాను."

"దిబ్బ మీద అడిగేవోళ్ళుంటే ఇప్పటిదాకా ఒక్క కబురైనా వచ్చేది," అంది నూకరత్నం. కిందటిసారి పడవెక్కినవాళ్ళలో ఆమె చెల్లెలు ఉంది.

వీరవేణి వెంట తెచ్చిన పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాప జుట్టు చిక్కు తీస్తోంది. "నీ సంగతి చెప్పు," అన్నాను.

"నన్నడక్కండి. సంతకం పెడితే కొండొదిన సచ్చిపోద్ది. పెట్టకపోతే దీన్ని పడవెక్కించాలి." చిక్కులో దువ్వెన ఆగింది. "నేనేదంటే అది రేపు నా మీదే పడుద్ది కదండి. నేనననండి. సదువుకున్నోరు, మీరనండి."

దానిలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నన్ను అడిగింది.

ముగ్గురూ వెళ్ళడానికి లేచారు. గుమ్మం దగ్గర ధనకొండ తూలింది. నూకరత్నం ఆమె బాగున్న చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

నమోదు 10

సైరను మోగింది. ఒకటో తారీఖు. ఆడవాళ్ళు బల్లల దగ్గర కూర్చున్నారు. నా సంతకం పడేదాకా ఎవరూ టబ్బులో చెయ్యి పెట్టకూడదు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తున్నారు. ధనకొండ వచ్చింది. ఒళ్ళు కాలిపోతోందని వీరవేణి సైగ చేసింది. రంగరాజు గారు అద్దాల గదిలో నిలబడి ఉన్నారు. ఆయన కూడా చేతులు కట్టుకునే ఉన్నారు.

గట్టు దగ్గర పడవ వచ్చి ఆగిందని పొద్దున నీళ్ళ దగ్గర అనుకున్నారు. సవరణ నేనింకా పంపలేదు, అయినా పడవ ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు.

నా తెర మీద జాబితా ఉంది. దాని పక్కనే సవరణ. రెండూ ఒక్క వేలి దూరంలో ఉన్నాయి.

సంతకం పెడితే ఎవరినీ పంపరు. షెడ్డు నిండా మనుషులుంటారు, ఎక్కువమంది లేనట్టే ఉంటారు. ధనకొండకి నెత్తురు దొరకదు. ఆమెలాంటివాళ్ళు ఇంకా ఎందరు తయారవుతారో తెలియదు. వచ్చేసారి వేతనం పెరిగితే రెండు బల్లలకి కలిపి ఒక మనిషి అంటారేమో. నేను ఆ దారి చూపించాను. సవరణ పంపితే నిజం చెప్పినట్టవుతుంది. ఆ నిజానికి నేను ఏమీ చెల్లించను. నా గది నాకే ఉంటుంది. చెల్లించేది వీరవేణి కూతురు. దిబ్బ మీద ఏముందో తెలిస్తే తూచి చూడొచ్చు. తెలియదు. తెలియకపోవడమే నాకు సాకు అవుతోందా? అదీ తెలియదు.

రంగరాజు గారు అద్దం మీద వేలితో తట్టారు. ఎవరూ తల తిప్పలేదు. నూకరత్నం నా వైపు చూసి తల ఊపింది. పక్కనే ధనకొండ, తల అడ్డంగా ఊపింది.

ఏది చెయ్యాలో నేను తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకునేదాకా ఆగుదామంటే ధనకొండ కట్టు లోంచి టబ్బు అంచు మీదికి చుక్కలు పడుతున్నాయి. టబ్బులో నీళ్ళు ఎర్రబడక ముందే నేను ఏదో ఒకటి నొక్కాలి.